కనిపించని అద్దకం

బందరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ముందుగా కోట దారి పడతారు. నేనూ అదే చేశాను. ఊరు దాటి సముద్రం వైపు సాగితే ఇటుకా సున్నమూ బయటపడిన గోడలు, పైకప్పు ఎప్పుడో పోయిన గదులు, వాటి నీడన నెమరేస్తున్న మేకలు. ఒకప్పటి డచ్చివాళ్ళ సమాధుల తోటలో రాతి పలకల మీద వంశ చిహ్నాలు, మనకు కూడబలుక్కున్నా అందని అక్షరాలు. చెక్కినవాడి చెయ్యి మంచిదే. కానీ అరగంటలో అదీ అయిపోయింది. పూట గడవకముందే బందరు అయిపోయిందనీ, ఇక తొక్కుడు లడ్డు కట్టించుకుని బస్సెక్కడమేననీ అనిపించింది.

అందులో ఊరి తప్పేమీ లేదు. 17వ శతాబ్దం నడుమ ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, ఇది పెద్ద పట్నమే గానీ ఇళ్ళన్నీ కర్రతో కట్టినవని రాసుకున్నాడు. అక్కడే ఇంకో మాటా రాశాడు: బంగాళాఖాతం మొత్తంలో ఇంతకన్నా మంచి లంగరు చోటు లేదట, పెగూకీ సయాముకీ సుమత్రాకీ మక్కాకీ హొర్ముజుకీ ఓడలు ఇక్కణ్ణించే సాగుతాయట. అంత పెద్ద రేవు, అంత తేలిక ఇళ్ళు. ఉప్పుగాలికి కర్ర ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆగినదాన్ని 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఊడ్చుకుపోయింది. దాదాపు 30,000 మంది పోయారంటారు. రేవు మేట వేసింది, పెద్ద ఓడలు వేరే రేవులు చూసుకున్నాయి.

మిగిలినవి పేర్లు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వలందులంటే డచ్చివాళ్ళు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. బందరు అన్న మాటే పారసీ, రేవు అని దానర్థం. ఒకరినొకరు ఫిరంగులతో తరుముకున్న కంపెనీలు ఇప్పుడు ఆటోవాళ్ళ నోట పక్కపక్క స్టాపులయ్యాయి.

వీళ్ళంతా ఇంత దూరం దేనికొచ్చారు? గుడ్డ కోసం. డచ్చివాళ్ళు ముందొచ్చారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు దిగారు. తూర్పు దీవుల్లో మిరియాలూ లవంగాలూ కొనాలంటే వెండి చూపిస్తే చాలదు, అక్కడివాళ్ళు కోరేది ఈ తీరపు అద్దకం గుడ్డ. అందుకని ముందు బందరు, ఆ తర్వాతే జావా. అంటే ఈ ఊరి వైభవాన్ని ఊళ్ళో వెతకడమే పొరపాటు. ఊరు చేసిన పనంతా మడతపెట్టి, మూటకట్టి, పడవ మీద పంపేసింది. కట్టడాలు పోయినా ఆ పని చేసే తీరు మాత్రం పదికిలోమీటర్ల అవతల పెడనలో ఇంకా బతికి ఉంది. గుడివాడ మీదుగా వచ్చే రైలుకు బందరు కంటే ముందే వస్తుంది పెడన. మగ్గాల ఊరు. నేను కోట చూడ్డానికి ఆ ఊరు దాటుకుంటూ వెళ్ళినవాణ్ణే.

పెడనలో నేను వెళ్ళిన కలంకారీ అద్దకం షెడ్డు గుమ్మంలోనే వాసన పలకరించింది. పులిసిన బెల్లం, తడి ఇనుము, కరక్కాయ వగరు, వీటన్నిటి కింద ఎక్కడో పాల వాసన. లోపల పొడుగాటి బల్లలు, వాటి మీద గోనె పట్టాల మెత్త, ఆ పైన పరిచిన గుడ్డ. ధబ్, ధబ్ మని ఒకే తూకంలో చప్పుడు. అచ్చు పెట్టి పిడికిలితో గుద్దడం. వినగా వినగా తెలిసింది, ఆ చప్పుడు అందరిదీ ఒకటి కాదు. కొత్త కుర్రాడి గుద్దులో తడబాటుంది. పెద్దాయన గుద్దు పొడిగా, పొట్టిగా ఉంది. అచ్చు గుడ్డను తాకిన క్షణానికే చెయ్యి పైకి లేచిపోతుంది.

ముందు అచ్చు సంగతి. బాగా ఆరిన టేకు ముక్క. దాని ముఖాన్ని చదునుగా రుద్ది, తెల్లగా పూత పూసి, ఆ తెలుపు మీద బొమ్మ గీస్తారు. ఇక ఉలి, చిన్న సుత్తి, బరమా. గీత నిలబడాలి, గీత కానిదంతా లేచిపోవాలి. ఇంత చెబితే తేలిగ్గానే ఉంటుంది. ఆ నిలబడే గీతను పక్కనించి చూడండి. పైన వెంట్రుకంత సన్నం, కిందికి పోను పోను లావు, చెరువు గట్టులా. నిటారుగా చెక్కితే రెండో రోజుకే విరుగుతుంది. మరీ ఏటవాలుగా చెక్కితే అరిగినకొద్దీ గీత మందమై, ఆకు ఈనె కాస్తా తాడులా పడుతుంది. ఎంత వాలు ఉండాలో ఏ కొలబద్దా చెప్పదు. చెక్కే ఆయన్ను అడిగితే ఉలి అంచును గోటిమీద ఆనించి చూపించి, "అది చేతికి తెలుస్తదండీ" అన్నాడు. ఈ మాట చేతిపనివాళ్ళందరూ అనేదేనని ముందు విసుక్కున్నాను. తర్వాత ఆయన చెక్కిన రెండు అచ్చులు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకటి మల్లెమొగ్గ, ఒకటి సరుగుడులా నిటారుగా లేచే పారసీ చెట్టు. మొగ్గ గీతల వాలు వేరు, చెట్టు గీతల వాలు వేరు. మొగ్గ అంచు కాస్త మందంగా ఉన్నా చెల్లిపోతుంది, చెట్టుకు చెల్లదు. చేతికి తెలిసిన సంగతి అది.

ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు. నల్లగీతకు ఒకటి, ఎరుపు నింపడానికి ఒకటి, పసుపో మరొకటో ఉంటే దానికొకటి. అన్నీ ఒకే పువ్వులో విడివిడి ముక్కలు. ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అందుకోసం ప్రతి అచ్చు మూలా ఒక చిన్న చుక్క పెడతారు. పాత అద్దకం మీది చుక్కకు కొత్త అచ్చు చుక్కను ఆనిస్తే చాలు, తక్కినదంతా దానంతట అదే సరిపోతుంది. ఆ చుక్క ఎక్కడుందో కొనేవాడికి కనబడకూడదు. అందుకని దాన్ని రేకు కొనలోనో, తీగ ముడిలోనో, పుప్పొడి చుక్కల్లో ఒకటిగానో దాచేస్తారు. మీ ఇంట్లో మంచి బందరు దుప్పటి ఉంటే ఎండలో పరిచి వెతకండి. పువ్వుకు అక్కర్లేని చుక్క ఒకటి ఎక్కడో దొరుకుతుంది. నాకు దొరకడానికి పావుగంట పట్టింది.

ఇప్పుడు గుడ్డ. మగ్గం మీంచి దిగిన కోరా గుడ్డ రంగు తాగదు. దానికి గంజి ఉంటుంది, నూలు సహజంగా పట్టుకునే జిడ్డు ఉంటుంది. పేడ కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఉతికి, తడుపుతూ ఎండబెట్టి, మళ్ళీ ఉతికి ఆ జిడ్డు పోగొడతారు. ఆ తర్వాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి పిండి ఆరేస్తారు. గుడ్డ లేత పసుపుకు వస్తుంది. కరక్కాయలో వగరు ఉంది, నోట్లో వేసుకుంటే నాలుకను పట్టేసేది అదే. ఆ వగరే తర్వాత వచ్చే ఇనుమునూ పటికనూ పట్టుకుంటుంది. మరి పాలెందుకు? వాటిలోని కొవ్వు, మాంసకృత్తులు నూలును కాస్త మూసేసి, పెట్టిన తడి పక్కకు పాకకుండా ఆపుతాయి. పాలు తక్కువైతే సన్నగీత బ్లాటింగు కాగితం మీద సిరాలా పొంగుతుంది. ఎక్కువైతే రంగును పట్టుకునే ఆ మందు, అంటే ఇనుమూ పటికా, లోపలికి దిగదు. టేకు మీద అంత తంటాలుపడి నిలబెట్టిన వెంట్రుక గీత గుడ్డ మీద నిలవడం చివరికి గేదె పాల మీద ఆధారపడి ఉంది.

అసలు పని మొదలయ్యేది ఇక్కణ్ణించే. నల్లరంగు అద్దే పళ్ళెంలో నేను చూసిన ద్రవం నల్లగా లేదు. పాతకుండలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు పోసి రోజుల తరబడి పులియనిస్తారు. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. వడకట్టి, జిగురు కలిపి చిక్కచేస్తే అదే నల్లరంగు. కుండలో చూస్తే కల్లులాంటి కషాయం. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఇనుమూ వగరూ కలిసి గుడ్డ లోపలే నలుపును పుట్టిస్తాయి. మన పూర్వీకులు సిరా చేసుకున్నదీ ఇదే సూత్రంతో.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎరుపు అచ్చుతో అద్దేది పటిక. పటికకు రంగు లేదు. జిగురు కలిపిన పటిక నీళ్ళు గుడ్డ మీద అద్దితే తడి మరక ఒక్కటే కనిపిస్తుంది, ఆరాక అదీ ఉండదు. ఎక్కడ అద్దామో తెలియాలి కాబట్టి తర్వాత కడిగితే పోయే రంగు చిటికెడు కలుపుకుంటారు. అంటే పనివాడు రోజంతా బల్ల చుట్టూ తిరుగుతూ, వేల గుద్దులు గుద్దుతూ, వేస్తున్నది రంగు కాదు. రంగు ఎక్కడ పట్టాలో చెప్పే గుర్తులు వేస్తున్నాడు. కలంకారీ అంటే రంగురంగుల బొమ్మలు వెయ్యడమనుకుని వచ్చిన నాకు ఈ ఒక్క ముక్క అర్థమయ్యేసరికి షెడ్డులో ఉన్నదంతా వేరుగా కనబడింది. ఇక్కడి నేర్పు కంటికి కనిపించనిదాన్ని కచ్చితంగా పెట్టడం. తప్పు జరిగినా ఇప్పుడు తెలియదు. రెండు రోజుల తర్వాత, కాగులోంచి పైకి తీశాక బయటపడుతుంది. అప్పటికి దిద్దుకునే దారి లేదు.

లెక్క కూడా వేసుకున్నాను. 108 అంగుళాల పొడుగు, 90 అంగుళాల వెడల్పు ఉన్న డబుల్ దుప్పటి. చుట్టూ అంచు 396 అంగుళాలు. అంచు అచ్చు ఆరంగుళాలనుకుంటే ఒక్క రంగుకే 66 గుద్దులు, మూడు రంగులైతే దాదాపు 200. ఇది వట్టి అంచు. లోపలి పొలమంతా ఇంకా ఉంది. 66వ అచ్చు వచ్చి మొదటి అచ్చు పక్కన కూర్చునే చోట తీగ తెగకుండా సాగాలి. ప్రతి అచ్చుకూ నూలుపోగంత తేడా వచ్చినా చివరికి అర అంగుళం ఖాళీ మిగులుతుంది. పెద్దాయన ఆ ఖాళీని చివర్లో సర్దడు. పది అచ్చులు వెయ్యగానే కంటితో కొలుచుకుని, రాబోయే తేడాను ముప్పై నలభై అచ్చుల్లో పంచేస్తాడు. ఏ ఒక్కదాంట్లోనూ కనబడదు. పేరంటానికి అనుకున్నదానికన్నా నలుగురు ఎక్కువ వస్తే పప్పులో నీళ్ళెలా సర్దాలో తెలిసిన అమ్మలా.

మూలలు వేరే విద్య. రెండు అంచులు కలిసే చోట ఒక అంచు కాగితం కింద దాక్కుంటుంది. ఏటవాలుగా కత్తిరించిన కాగితం పరిచి, దాని మీదుగా అచ్చు గుద్దుతారు. కాగితం మీద పడింది పోగా గుడ్డ మీద సరిగ్గా మూలమట్టపు సగం మిగులుతుంది. కాగితాన్ని తిప్పి పరిచి రెండో అంచు గుద్దితే తీగ మలుపు తిరిగి సాగిపోతుంది. వడ్రంగి ద్వారబంధం మూల కలిపినట్టే. కాకపోతే ఇక్కడ రంపం లేదు, కాగితమే ఉంది. మూల చూస్తే చాలు, దుప్పటి ఎవరి చేతిదో చెప్పగలనన్నాడు షెడ్డు యజమాని. గొప్పలు పోతున్నాడేమో అనుకున్నాను. మూడు దుప్పట్ల మూలలు మడిచి, తక్కినదంతా దాచి ముందు పెట్టాను. మూడూ చెప్పాడు.

అద్దిన గుడ్డ రెండు రోజులు ఆగాలి. మందు లోపలికి దిగాలి. ఆ తర్వాత కాలువ. పారే నీళ్ళే కావాలి, చెరువు పనికిరాదు, తొట్టె అసలే పనికిరాదు. నూలును పట్టుకోని పటికా ఇనుమూ నీళ్ళలోకి వదులుతాయి కదా, నిలవ నీళ్ళయితే అవి పక్కకు పాకి తెల్లగా ఉండాల్సిన చోట కూర్చుంటాయి. పారే నీరు వాటిని వెంటనే లాక్కుపోతుంది. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకు వచ్చిన కాలువలు వరికే కాక ఈ గుడ్డకూ పనికొచ్చాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే షెడ్డు పని కుంటుతుంది. నీళ్ళొచ్చినా వెనకటంత శుభ్రంగా ఉండడం లేదని అక్కడ అందరూ అన్నారు. వారసత్వం గురించి మాట్లాడేవాళ్ళు కోటగోడకు సిమెంటు పూయించే సంగతి మాట్లాడతారు. ఈ కాలువ సంగతి మాట్లాడినవాణ్ణి నేను ఇంతవరకూ వినలేదు.

ఉడకబెట్టే చోటు షెడ్డు వెనక. పెద్ద రాగి కాగు, కింద కట్టెలు, అందులో ఎర్రవేళ్ళ కషాయం. గుడ్డను కర్రలతో ఎత్తుతూ, తిప్పుతూ, ముంచుతూ ఉండాలి. ఒక్కచోట ఆగిందంటే అక్కడ మచ్చ. మంట మెల్లగా పెంచాలి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగలేదు. పసుపు గుడ్డ, నల్లగీతలు, మరేమీ లేదు. కర్ర పట్టుకున్నావిడ నా మొహం చూసి, "కాసేపుండండి బాబూ, అదే వస్తది" అంది. వచ్చింది. ముందు గులాబీ నీడలా, తర్వాత ఇటుక రంగులా, ఆ తర్వాత రేకు రేకూ విడివిడిగా. పటిక పడ్డ చోటల్లా ఎరుపు. పలచటి పటిక పడ్డ చోట లేత ఎరుపు. పటికా ఇనుమూ కలిపి అద్దిన చోట వంకాయ తొక్కలాంటి గోధుమ ఎరుపు. ఇనుము పడ్డ చోట నలుపు మరింత చిక్కబడింది. ఒకే కాగు, ఒకే కషాయం, ఇన్ని రంగులు. రెండు రోజుల కింద అద్దిన కనిపించని గుర్తులన్నీ ఒక్కొక్కటే పేరు పిలిచినట్టు లేచి నిలబడ్డాయి.

ఏ మందూ పడని చోట గుడ్డ మురికి గులాబీగా మిగులుతుంది. దాన్ని మళ్ళీ పేడనీళ్ళలో ముంచి, గడ్డిమీద పరిచి, నీళ్ళు చిలకరిస్తూ ఎండకు ఆరబెడితే ఆ గులాబీ పోతుంది. పట్టుకునే మందు లేని రంగు ఎండకు నిలవదు. పటిక పట్టుకున్న ఎరుపును ఎండేమీ చెయ్యలేదు.

ఈ ఎరుపు వెనక ఒక వేరు ఉంది, చిరివేరు. గడ్డిలాంటి చిన్న మొక్క, ఇసుక నేలల్లో పెరుగుతుంది, సన్నటి పొడుగాటి వేరు. 17వ శతాబ్దపు మొదట్లో బందరులో ఇంగ్లీషు కంపెనీ పని చూసిన విలియం మెత్వల్డ్ గోల్కొండ రాజ్యం మీద రాసిన వ్యాసంలో ఇక్కడి అద్దకాన్నీ ఈ వేరునూ మెచ్చుకున్నాడు. ఆ వ్యాసం 1626లో అచ్చయింది. కృష్ణ ముఖద్వారం దగ్గర, నిజాంపట్నం వైపు నేలలో పెరిగిన వేరుకు అప్పట్లో ప్రత్యేక గిరాకీ. గవ్వలూ ఆల్చిప్పలూ నలిగి కలిసిన ఆ ఇసుకలో సున్నం ఎక్కువ. పటికా వేరు రంగూ కలిసి గట్టి ఎరుపు కావాలంటే మధ్యలో సున్నం ఉండాలి. ఆ పని పనివాడు చెయ్యక్కర్లేకుండా సముద్రమే చేసిపెట్టింది. బందరు ఎరుపు బందరులోనే ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. రేవు పక్కన రంగు, రంగు కింద గవ్వలు.

ఇప్పుడు చిరివేరు తవ్వేవాళ్ళు అరుదు. మంజిష్ఠ వాడతారు, చాలా షెడ్లలో అలిజరిన్ పొడి కూడా వాడతారు. చిరివేరులో రంగునిచ్చే ముఖ్య పదార్థం అలిజరినే. 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో చేసి చూపించారు, అప్పణ్ణించి రంగువేళ్ళ సాగు ప్రపంచమంతటా పడిపోయింది. దీన్ని మోసమనేవాళ్ళున్నారు, నేననను. పటిక అదే, కరక్కాయ అదే, కాగు అదే, తెలివీ అదే. ఐతే రెండు గుడ్డలూ పక్కపక్కన పట్టుకుంటే తేడా కనబడుతుంది. పొడి ఎరుపు ఒకే శ్రుతిలో మోగుతుంది. వేరులో అలిజరిన్‌తోబాటు మరికొన్ని రంగులు ఉంటాయి కాబట్టి వేరు ఎరుపులో కాస్త పసుపు, కాస్త గోధుమ వినిపిస్తాయి. నా కన్ను వేరు వైపే మొగ్గింది.

పసుపూ నీలమూ ఆ తర్వాత. దానిమ్మ తొక్క, కరక పువ్వు పసుపునిస్తాయి, నీలిమందు నీలాన్నిస్తుంది. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు. వాటి గురించి ఎక్కువ చెప్పను, నా మనసు కాగు దగ్గరే ఆగిపోయింది.

బొమ్మల్లో దేవుళ్ళు ఉండరు. శ్రీకాళహస్తి కలంకారీలో వెదురు కలంతో రామాయణ భారతాలు గీస్తారు, గుడిలో వేలాడేందుకు పుట్టిన గుడ్డ అది. బందరు గుడ్డ గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, పారసీ వర్తకుల కోరిక మీద ఎదిగింది. అందుకే జీవవృక్షం, మామిడిపిందెలు, మిహ్రాబు కమాను, చిలకలు, మెలికల తీగలు. ఇప్పుడు పనంతా దాదాపు అచ్చులదే, కలం పేరులో మిగిలింది. ఐనా ఒక్కో తీగ మలుపులో, రాస్తూ రాస్తూ తిప్పిన చెయ్యి ఊపు ఇంకా ఉంది. పాత కాలంలో కలంతో గీసిన బొమ్మల్ని చెక్కలోకి దింపినప్పుడు ఆ ఊపు కూడా దిగినట్టుంది.

ఈ గుడ్డను చూసి యూరపు ఎంత భయపడిందో తెలిస్తే నవ్వొస్తుంది. నూలుగుడ్డ మీద ఉతికినా పోని రంగు వెయ్యడం వాళ్ళకు అప్పటికి సరిగా చేతకాదు. తమ నేతగాళ్ళు దివాలా తీస్తారని ఫ్రాన్సు 1686లో అద్దకం గుడ్డల్ని నిషేధించింది, ఇంగ్లండు 1701లోనూ మళ్ళీ 1721లోనూ. ఫ్రాన్సులో నిషేధం ఎత్తేసింది 1759లో. సరిగ్గా ఆ ఏడాదే ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ళ కల్నల్ ఫోర్డు బందరుకోట మీద పడి ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు. గుడ్డ కట్టుకోవచ్చని ఇంటి దగ్గర అనుమతి వచ్చిన సంవత్సరమే ఆ గుడ్డ పుట్టే ఊరు చెయ్యిజారింది.

లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలోనూ న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లోనూ ఈ తీరపు పాత గుడ్డలు ఉన్నాయి. నేను బొమ్మల్లోనే చూశాను. మూడు వందల ఏళ్ళు దాటినా ఎరుపు నిన్న కాగులోంచి తీసినట్టే ఉంటుంది. నలుపు గతి వేరు. ఇనుము నూలును మెల్లగా తినేస్తుంది. పాత గుడ్డల్లో చాలాచోట్ల నల్లగీత ఉన్న చోట సన్నటి చీలిక మిగిలింది, పూలకు గీతలు రాలిపోయి ఎరుపు రేకులు మాత్రం నిలిచాయి. టేకు మీద అంత శ్రమపడి నిలబెట్టే గీతే ముందు పోవడం నాకు బాధ కలిగించింది. ఆ మాట పెద్దాయనతో అంటే ఆయన ఏమీ బాధపడలేదు. "మూడొందలేళ్ళు దుప్పటి కప్పుకునేదెవరండీ" అన్నాడు.

ఊళ్ళోకి వస్తే దుకాణాల్లో కలంకారీ పేరుతో అమ్మేదంతా ఇది కాదు. స్క్రీను మీద రసాయన రంగులతో గీకి, అవే మామిడిపిందెలు, అవే చిలకలు, పావు ధరకు అమ్ముతారు. కొనేవాళ్ళను తప్పుపట్టలేం, బొమ్మ అదే కదా. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నా, ఆ గుర్తింపు దుకాణం గుమ్మం దగ్గర కాపలా కాయదు. తేడా తెలియాలంటే గుడ్డను తిరగేసి చూడాలి. స్క్రీను రంగు పైన కూర్చుంటుంది, వెనక వెలవెలబోతుంది. కాగులో ఉడికిన ఎరుపు నూలు లోపలికి దిగి వెనకకూ చాలావరకు వస్తుంది. ఇంకోటి, స్క్రీను పువ్వులన్నీ ఒకేలా ఉంటాయి. అచ్చు పువ్వుల్లో ఒకటి కాస్త తడిగా, మరొకటి కాస్త పొడిగా, గుద్దు గుద్దుకూ ఓ పిసరు తేడాగా ఉంటుంది.

నేనొక దుప్పటి కొన్నాను. మూల చూసి, చుక్క వెతికి, వెనక తిప్పి, ఇంత తెలిసినవాడిలా బేరమాడబోతే షెడ్డు యజమాని నవ్వేశాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే కరక్కాయ వాసన. పక్కసీటాయన మందుల మూటేమో అనుకున్నాడు.

మొదటి ఉతుకు చన్నీళ్ళలో, విడిగా, సబ్బు లేకుండా అని కాగు దగ్గరి ఆవిడ మరీ మరీ చెప్పింది. ఇంటికొచ్చి తెల్లబకెట్టులో నానేశాను. గంటకు చూస్తే నీళ్ళు పలచటి టీ రంగుకు తిరిగాయి. గుండె ఝల్లుమంది. దుప్పటి పైకెత్తి వెలుగులో పట్టి చూశాను. దిగింది నూలును అంటిపెట్టుకోని కరక్కాయ వగరు ఒక్కటే. ఎరుపు ఒక్క చుక్క కూడా కదల్లేదు. ఆ నీళ్ళు పారబొయ్యకుండా మల్లెపాదులో పోసి, దుప్పటి నీడన ఆరేశాను.